మిద్దె తోటలో మిగిలిన కాయగూరలతో తీపి అల్పాహారాలు: సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో మిద్దె మీద తోట పెంచేవారికి ఏడాదిలో కనీసం రెండుసార్లు పంట చేతికి మించి వస్తుంది. తొలకరికి నాటిన సొర, గుమ్మడి, కీర పాదులు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒక్కసారిగా విరగకాస్తాయి. చలికాలంలో వేసిన క్యారెట్, బీట్‌రూట్ సంక్రాంతికి అటూ ఇటూగా అన్నీ కలిసి తవ్వకానికి వస్తాయి. పప్పులోకి, పులుసులోకి, పెరుగు పచ్చడిలోకి వాడుకుని, పక్క ఫ్లాట్ల వారికి పంచిన తర్వాత కూడా రెండు మూడు కాయలు వంటింటి మూల ఉండిపోతాయి. అవి వాడిపోయేదాకా చూడకుండా పొద్దున్నే పిల్లలు ఇష్టంగా తినే తీపి పలహారాలుగా మార్చుకునే పద్ధతిని వివరంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వంటలన్నిటిలో ముందుగా నేర్చుకోవలసింది కాయలోని నీటిని లెక్కలోకి తీసుకోవడం. సొరకాయలో, కీరలో బరువులో నూటికి 95 వంతుల వరకు నీరే ఉంటుంది. గుమ్మడి, క్యారెట్, బీట్‌రూట్‌లలో 90కి అటూ ఇటూగా ఉంటుంది. చిలగడదుంపలో మాత్రం 70 వంతుల దగ్గరే ఆగుతుంది. దీనికి బెల్లం తోడైతే అది తానూ కరిగి, కాయలోంచి మరింత నీటిని బయటికి లాగుతుంది. పిండి కలిపినప్పుడు గట్టిగా కనిపించినది పావుగంట తర్వాత జారిపోవడానికి, అట్టు పెనానికి అతుక్కుని చిరిగిపోవడానికి, పొంగనం పైన మాడి లోపల పచ్చిగా మిగలడానికి చాలాసార్లు కారణం ఈ నీరే. అందువల్ల కాయను పిండిలో కలిపే ప్రతి వంటకూ ఒకటే నియమం పాటించాలి. కాయ, బెల్లం, పిండి మూడూ కలిపి పది నిమిషాలు ఆగిన తర్వాతే నీళ్లో పాలో కావాలా అన్నది నిర్ణయించాలి, అంతకు ముందు ఒక్క చెంచా కూడా పోయకూడదు.

కాయను ఎంచుకోవడం, చేదు చూడటం

మిద్దె మీద కాసిన సొరకాయ, కీర, గుమ్మడి ఏదైనా సరే, వంటకు ముక్కలు చేసిన వెంటనే చిన్న ముక్క పచ్చిగా నాలుకకు తగిలించి చూడాలి. ఏమాత్రం చేదుగా ఉన్నా ముక్కను ఉమ్మేసి, ఆ కాయను మొత్తంగా పారేయాలి. ఈ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. మామూలు కాయలో అది నామమాత్రమే. ఎండ వేడి, నీటి ఎద్దడి తగిలినప్పుడు మాత్రం అది పెరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు కాంక్రీటు స్లాబు కాలిపోతూ, కుండీలోని మట్టి మధ్యాహ్నానికే ఎండిపోయే మన మిద్దెల మీద ఆ ప్రమాదం నేల మీది తోటల కంటే ఎక్కువ. కాయల్లోంచి తీసుకున్న విత్తనాలతో మొలిచిన మొక్కల్లోనూ చేదు కాయలు రావచ్చు. చేదు సొరకాయ రసం తాగడం వల్ల కలిగే హాని మీద భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల బృందం ఇచ్చిన నివేదిక 2012లో ప్రచురితమైంది. తీవ్రమైన వాంతులు, విరేచనాలు, జీర్ణాశయంలో రక్తస్రావం, అరుదుగా ప్రాణాపాయం కూడా సంభవించాయి. ఉడికించినంత మాత్రాన ఈ చేదు విరగదు. తీపి వంటల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. బెల్లం, ఏలకులు కలిసి చేదును కప్పేస్తే తినేవారికి అది తెలియకుండానే లోపలికి పోతుంది.

సొరకాయ లేతదై ఉండాలి. గోరు గుచ్చితే తేలికగా దిగాలి, లోపలి గింజలు మెత్తగా ఉండాలి. గుమ్మడికాయ ఇందుకు పూర్తిగా విరుద్ధం. పచ్చి గుమ్మడిలో తీపి ఉండదు. తొడిమ ఎండి బెరడులా మారిన తర్వాత, పెచ్చు మీద గోరు దిగనంత గట్టిపడిన తర్వాతే దానిని కోయాలి. తీగ నుంచి కోసిన కాయను ముక్కలు చేయకుండా, ఫ్రిజ్‌లో పెట్టకుండా గాలి తగిలే నీడలో రెండు మూడు వారాలు ఉంచితే లోపలి పిండి పదార్థం కొంత చక్కెరగా మారి, కండ రంగు ముదిరి, వంటలో బెల్లం అవసరం తగ్గుతుంది. అందువల్ల తీపి వంటలకు ముందుగా గుమ్మడినే మిగుల్చుకుని, ఆగలేని సొరకాయను, కీరను తొందరగా వాడేయడం మంచి పద్ధతి.

బెల్లం విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. అనకాపల్లి అచ్చు బెల్లమైనా, మన మార్కెట్లలో దొరికే ఉండ బెల్లమైనా నేరుగా పిండిలో తురిమి వేయకూడదు. అడుగున ఇసుక, చెరకు పీచు ఉండే అవకాశం ఉంది. 150 గ్రాముల బెల్లానికి రెండు పెద్ద చెంచాల నీళ్లు మాత్రమే చేర్చి, సన్నసెగ మీద కరిగేదాకా ఉంచి, పలుచని గుడ్డలో వడగట్టాలి. పాకం రానివ్వనవసరం లేదు. అయితే వడగట్టిన బెల్లం పూర్తిగా చల్లారిన తర్వాతే పిండిలో కలపాలి. వేడిగా పోస్తే గోధుమపిండి అక్కడక్కడ ఉడికి ఉండలు కడుతుంది.

గుమ్మడికాయ తీపి పొంగనాలు

ఈ వ్యాసంలో ఒక్క వంట మాత్రమే చేసి చూస్తామనుకునేవారు దీనితో మొదలుపెట్టాలని నా సలహా. పులియబెట్టే పని లేదు, ముందురోజు నానబెట్టే పని లేదు, పిండి కాస్త అటూ ఇటూ అయినా పొంగనం నిలబడుతుంది. దీనికి మందమైన ఇనుప గుంతల పెనం కావాలి. బేగంబజార్‌లోని పాత్రల దుకాణాల్లో పోత ఇనుముతో చేసినవి దొరుకుతాయి. నాన్‌స్టిక్ పెనం మీద కూడా వస్తాయి గాని, బెల్లం ఉన్న పిండికి ఇనుప పెనం ఇచ్చే నిలకడైన వేడి దానికి ఉండదు.

కావలసినవి ఇవి: పెచ్చు, గింజలు తీయకముందు 350 గ్రాముల బరువుండే పండు గుమ్మడి ముక్క, వడగట్టిన బెల్లం 150 గ్రాములు, గోధుమపిండి ఒక కప్పు, బియ్యప్పిండి అర కప్పు, బొంబాయి రవ్వ పావు కప్పు, పచ్చికొబ్బరి తురుము పావు కప్పు, నాలుగు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నువ్వులు, పావు చెంచా తినే సోడా, కాల్చడానికి నెయ్యి.

1. గుమ్మడి పెచ్చు, గింజలు తీసి పెద్ద ముక్కలుగా కోసి, చిల్లుల పళ్లెంలో పెట్టి ఆవిరి మీద 12 నుంచి 15 నిమిషాలు ఉడికించాలి. నీళ్లలో వేసి ఉడికిస్తే ముక్క నీటిని పీల్చుకుని, మొదట చెప్పిన లెక్క తప్పుతుంది. కుక్కర్‌లో పెట్టవలసి వస్తే గిన్నెలో నీళ్లు పోయకుండా, ఒక్క విజిల్‌కే దించాలి.

2. ఉడికిన ముక్కలను వేడి మీదనే గరిటెతో మెత్తగా మెదిపి, వెడల్పాటి పళ్లెంలో పరచి ఆరనివ్వాలి. పళ్లెంలో పరిచినప్పుడు ఆవిరి రూపంలో చాలా నీరు పోతుంది. గుజ్జు పళ్లెం వంచినా కదలకుండా ఉంటే సరిపోయిందని అర్థం. అంచుల వెంట నీరు ఊరుతూ ఉంటే ఒక చెంచా నెయ్యితో బాణలిలో నాలుగైదు నిమిషాలు తిప్పి ఇగర్చాలి. గుమ్మడిలోని నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి, ఈ నెయ్యి రుచికే కాక ఒంటికి పట్టడానికి కూడా ఉపయోగపడుతుంది.

3. గుజ్జులో చల్లారిన బెల్లం, కొబ్బరి, ఏలకుల పొడి, ఉప్పు, నువ్వులు కలిపి, ఆ తర్వాత రవ్వ మాత్రమే వేసి పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఈ పది నిమిషాల్లో రవ్వ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది.

4. గోధుమపిండి, బియ్యప్పిండి జల్లించి పైన చల్లుతూ, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి. ఎక్కువసేపు గిలకొడితే గోధుమపిండిలో జిగురు పుట్టి పొంగనం సాగుతుంది, కాబట్టి పొడి పిండి కనిపించకపోగానే ఆపేయాలి. గరిటె ఎత్తి వంచినప్పుడు పిండి ధారగా కారకూడదు. ముద్దగా జారి, కింద పడిన చోట క్షణంసేపు కుప్పగా నిలిచి, మెల్లగా సర్దుకోవాలి. గరిటెకు అతుక్కుని అసలు జారకపోతే అప్పుడు కాచి చల్లార్చిన పాలు ఒక్కొక్క చెంచాగా చేర్చాలి. నీరుగా ఉంటే బియ్యప్పిండి చేర్చాలి, గోధుమపిండి చేర్చకూడదు.

5. పెనం వేడెక్కిన తర్వాత సోడా పిండిలో కలపాలి. బెల్లంలో సహజంగా ఉండే పులుపుతో సోడా కలవగానే బుడగలు పుట్టడం మొదలవుతుంది. ముందే కలిపి ఉంచితే ఆ బుడగలు గిన్నెలోనే పోతాయి.

6. ప్రతి గుంతలో అర చెంచా నెయ్యి వేసి, ముప్పావు వంతు వరకే పిండి నింపి, మూత పెట్టి సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. పై భాగం తడి మెరుపు పోయి గరుకుగా కనిపించగానే పుల్లతో తిప్పి, రెండో వైపు మూత లేకుండా రెండు నిమిషాలు కాల్చాలి. మధ్యలోకి పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకుండా రావాలి.

మంట విషయంలో రాజీ పడకూడదు. బెల్లం గోధుమ రంగుకు తిరిగిన కొద్దిసేపటికే నల్లబడి చేదెక్కుతుంది. మొదటి వాయి కాస్త తెల్లగా వచ్చినా పర్వాలేదు గాని, రెండో వాయికి పెనం మరింత కాగి ఉంటుంది కాబట్టి మంట ఇంకా తగ్గించాలి. ఈ కొలతకు 30 పొంగనాల వరకు వస్తాయి, అంటే ఒక్కోదానిలో సుమారు 5 గ్రాముల బెల్లం ఉంటుంది. పలహారంలో కాయగూర చేరినంత మాత్రాన బెల్లం బెల్లం కాకుండా పోదు. రోజువారీ శక్తిలో విడిగా కలిపే చక్కెరల వాటా 10 శాతానికి మించకూడదని, వీలైతే 5 శాతం లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రెండు వేల కేలరీలు తినే పెద్దవారికి ఆ 5 శాతం సుమారు 25 గ్రాములు. అందువల్ల పళ్లెంలో నాలుగు పొంగనాలు, పక్కన ఒక గ్లాసు పాలో, నాలుగు పల్లీలో పెట్టడం సరైన వడ్డన అని నేను భావిస్తాను. బాగా పండిన గుమ్మడి అయితే బెల్లాన్ని 120 గ్రాములకు తగ్గించినా తీపి చాలుతుంది.

సొరకాయ తీపి అట్లు

సొరకాయలోని నీరు ఇక్కడ ఇబ్బంది కాదు, మేలు. బియ్యం రుబ్బడానికి పోయవలసిన నీటి స్థానంలో సొరకాయనే వేస్తాం. ఒక కప్పు, అంటే 200 గ్రాముల సోనా మసూరి బియ్యాన్ని రాత్రి కడిగి నానబెట్టాలి. పొద్దున్న నీరంతా వంచేసి, ఆ బియ్యాన్ని చెక్కు తీసి ముక్కలుగా కోసిన 250 గ్రాముల సొరకాయ, పావు కప్పు కొబ్బరి, గుప్పెడు తడిపిన అటుకులతో కలిపి మెత్తగా రుబ్బాలి. మిక్సీలో వేసేటప్పుడు సొరకాయ ముక్కలు అడుగున, బియ్యం పైన ఉండేలా చూసుకుంటే ముందు కాయ నలిగి రసం వదులుతుంది. అప్పుడు నీరు పోయకుండానే బ్లేడు తిరుగుతుంది. గింజలు ముదిరి ఉంటే మధ్యలోని దూదిలాంటి భాగం తీసేయాలి, లేతగా ఉంటే ఉంచవచ్చు.

రుబ్బిన పిండిలో చల్లారిన బెల్లం 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి కలిపి, ముందు చెప్పినట్టు పది నిమిషాలు ఆగి చూడాలి. మామూలు దోసెల పిండి కంటే ఇది కొంచెం గట్టిగా ఉండాలి. పల్చబడిందనిపిస్తే రెండు చెంచాల బియ్యప్పిండి చాలు. ఈ పిండిని పులియబెట్టనవసరం లేదు, నిలవ ఉంచకూడదు కూడా. పచ్చి సొరకాయ కలిసిన పిండి మధ్యాహ్నానికి రంగు మారి, పసరు వాసన పడుతుంది.

పెనాన్ని బాగా కాచి, తడిగుడ్డతో తుడిచి, మంట తగ్గించి, నెయ్యి రాసి, గరిటెడు పిండిని మందంగా పోయాలి. దోసె మాదిరిగా గరిటె అడుగుతో పల్చగా తిప్పితే తీసేటప్పుడు ముక్కలవుతుంది. పెనాన్ని కాస్త వంచి పిండి తనంత తానే అరచేతి వెడల్పు పరుచుకునేలా చేయాలి. మూత పెట్టి రెండు నిమిషాలు ఆగి, చుట్టూ నెయ్యి వేసి, అంచులు పెనాన్ని వదిలి లేచాకే అట్లకాడ దూర్చాలి. తొందరపడి ముందే కదిలిస్తే అడుగు పొర పెనానికే ఉండిపోతుంది. ఒక్కో అట్టు దించాక పెనం మీద మిగిలిన బెల్లం మరకను తడిగుడ్డతో తుడవకపోతే తర్వాతి అట్టు అక్కడే అంటుకుంటుంది. తీసిన సొరకాయ చెక్కును పారేయకుండా మధ్యాహ్నం పచ్చడికి ఉంచుకోవచ్చు.

హైదరాబాదీ సొరకాయ ఖీర్

పాతబస్తీ విందుల్లో ‘కద్దూ కీ ఖీర్’ పేరుతో వడ్డించే తీపిలో ఉండేది సొరకాయే. ఇందులో సగ్గుబియ్యం చిక్కదనం ఇస్తుంది. దీన్ని విందుకే పరిమితం చేయకుండా రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పొద్దున వేడి పూరీలతోనో చపాతీలతోనో చల్లని ఖీర్ చక్కని పలహారమవుతుంది.

లీటరు చిక్కని పాలకు 250 గ్రాముల సొరకాయ తురుము, గంటసేపు నానిన 50 గ్రాముల సగ్గుబియ్యం, 100 గ్రాముల చక్కెర, రెండు చెంచాల నెయ్యి, ఏలకుల పొడి, నానబెట్టి పొట్టు తీసిన బాదం పలుకులు కావాలి. తురుమును రెండు చేతుల మధ్య గట్టిగా పిండి రసం తీసేయాలి. ఆ రసాన్ని చపాతీ పిండి తడపడానికి వాడుకోవచ్చు. పిండిన తురుమును నెయ్యిలో పచ్చివాసన పోయేదాకా ఏడెనిమిది నిమిషాలు వేయించాలి. తురుము రంగు మారకూడదు గాని, ముద్దగా ఉన్నది విడివిడిగా పొడిబారాలి. వేరే గిన్నెలో పాలను కాచి, ముప్పావు లీటరుకు దిగేదాకా మరిగించి, సగ్గుబియ్యం వేసి, గింజ మధ్యలోని తెల్ల చుక్క పోయి అద్దంలా కనిపించేదాకా అడుగంటకుండా కలుపుతుండాలి. అప్పుడు తురుము కలిపి పది నిమిషాలు ఉడికించి, చక్కెర చివర్లో వేసి, ఐదు నిమిషాలకు దించాలి. చల్లారే కొద్దీ సగ్గుబియ్యం బిగుస్తుంది కాబట్టి దించేటప్పుడు మీకు కావలసిన దానికంటే పల్చగానే ఉండాలి.

దీనికి చక్కెర వాడమనడానికి కారణం ఉంది. బెల్లంలోని పులుపు, లవణాలు మరుగుతున్న పాలను విరిచేస్తాయి. బెల్లమే కావాలనుకునేవారు ఖీర్‌ను దించి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, చల్లారిన బెల్లం నీరు కలుపుకోవాలి, మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

ముదిరిన కీరతో ఆవిరి కుడుములు

పాదు ఆకుల చాటున కనపడకుండా పసుపు రంగుకు తిరిగిన కీర సలాడ్‌కు పనికిరాదు. కొంకణ తీరంలో, గోవాలో అలాంటి కీరతో ‘తవసళి’ అనే తీపి వంట చేస్తారు. అదే పద్ధతిలో మన ఇడ్లీ పాత్రలో చేసుకోవచ్చు. చెక్కు, గింజలు తీసి, చేదు చూసి, కీరను తురమాలి. రసంతో సహా ఒకటిన్నర కప్పుల తురుముకు నేతిలో దోరగా వేయించిన ఒక కప్పు బొంబాయి రవ్వ, వడగట్టి చల్లార్చిన బెల్లం ముప్పావు కప్పు, అర కప్పు కొబ్బరి, చిటికెడు ఉప్పు చేర్చి అరగంట నాననివ్వాలి. రవ్వ వేయించడం మానేస్తే కుడుము జిగురుగా వస్తుంది. నెయ్యి రాసిన ఇడ్లీ గుంతల్లో పెట్టి 18 నుంచి 20 నిమిషాలు ఆవిరి పట్టి, ఐదు నిమిషాలు చల్లారాక తీయాలి. ఇందులో తురుము రసాన్ని పిండకపోవడమే మర్మం, రవ్వ తాగేది ఆ నీటినే.

క్యారెట్, బీట్‌రూట్ షీరా

చలికాలపు దుంపలు సొరకాయలా నీరు వదలవు, పచ్చిగా ఉన్నప్పుడు గట్టిగా బిగదీసుకుని ఉంటాయి. అందువల్ల వీటి షీరాలో నీళ్లు విడిగా పోయక తప్పదు. బాణలిలో పావు కప్పు నెయ్యి వేసి, ఒక కప్పు బొంబాయి రవ్వను కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి తీసి, అదే బాణలిలో ఒకటిన్నర కప్పుల సన్నని క్యారెట్ తురుమును ఐదారు నిమిషాలు మగ్గించాలి. రెండుంపావు కప్పుల నీళ్లు పోసి తెర్లించి, ఒక చేత్తో రవ్వ పోస్తూ, రెండో చేత్తో తిప్పుతూ ఉండలు కట్టకుండా కలపాలి. రవ్వ పూర్తిగా ఉడికి నీరంతా పీల్చుకున్న తర్వాతే ముప్పావు కప్పు చక్కెర వేయాలి. ముందే వేస్తే చక్కెర ఆ నీటిని పట్టుకుని రవ్వను ఉడకనివ్వదు, పలుకు పంటి కింద తగులుతూనే ఉంటుంది.

బీట్‌రూట్‌తో చేసేటప్పుడు మార్పులు కొన్నే. దానిని చెక్కుతోనే ఉడికించి, తర్వాత చెక్కు తీసి తురిమితే మట్టి వాసన తగ్గుతుంది, రంగు నీళ్లలోకి పోదు. దించే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆ వాసన ఇంకా అణిగి, ఎరుపు నిలుస్తుంది. తినే సోడా పడే ఏ పిండిలోనూ బీట్‌రూట్ కలపకూడదు, క్షారం తగిలితే దాని ఎరుపు పోయి గోధుమ పసుపులోకి దిగుతుంది. క్యారెట్, గుమ్మడి రంగులకు ఆ బెడద లేదు.

చిలగడదుంప పోళీలు

చిలగడదుంప (మోరంగడ్డ) తీగను ఒకసారి సంచిలో వేస్తే, తవ్వే రోజున దుంపలు ఎన్ని వస్తాయో చెప్పలేం. తవ్విన వెంటనే వండితే చప్పగా ఉంటాయి. మట్టి దులిపి, కడగకుండా, నీడలో వారం పది రోజులు ఆరనివ్వాలి. ఉడికించడంలో కూడా తొందర పనికిరాదు. దుంపలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైము మితమైన వేడిలోనే పనిచేసి, వేడి బాగా పెరిగాక ఆగిపోతుంది. కుక్కర్‌లో ఒక్కసారిగా ఉడికిన దుంప కంటే, చెక్కుతో సన్నసెగ ఆవిరి మీద ముప్పావు గంట మగ్గిన దుంప తియ్యగా ఉండటానికి అదే కారణం.

300 గ్రాముల దుంపలను అలా ఉడికించి, చెక్కు, పీచు తీసి మెదిపి, 80 గ్రాముల వడగట్టిన బెల్లంతో బాణలిలో వేసి ఇగర్చాలి. నీరు తక్కువున్న దుంప కదా అని నమ్మి వదిలేయకూడదు, బెల్లం చేరగానే ముద్ద జారుతుంది. గరిటెకు అంటకుండా ఒక్క ముద్దగా తిరిగేదాకా కలిపి, అప్పటికీ మెత్తగా ఉంటే రెండు చెంచాల పుట్నాల పొడి చేర్చాలి. చల్లారాక నిమ్మకాయంత ఉండలు చేసి, చపాతీ పిండి కంటే మెత్తగా తడిపి అరగంట నానిన గోధుమపిండిలో పెట్టి మూసి, బియ్యప్పిండి అద్దుకుంటూ తేలిక చేత్తో ఒత్తి, నేతితో కాల్చుకోవాలి. పూర్ణం రాత్రే చేసి పెట్టుకుంటే పొద్దున పావుగంట పని.

బడి హడావిడి ఉన్న రోజులకు

పైవాటిలో దేనికీ సమయం లేని ఉదయం, రెండు చెంచాల రాగిపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీటిలో పోసి చిక్కబడేదాకా ఉడికించి, నాలుగు చెంచాల గుమ్మడి గుజ్జు, తగినంత బెల్లం, అర చెంచా నెయ్యి కలిపితే తీపి జావ సిద్ధమవుతుంది. ఏడాది దాటిన పసివారికి కూడా బెల్లం వేయకుండా ఇదే పెట్టవచ్చు.

ఇందుకోసం గుమ్మడి గుజ్జును ఎప్పుడూ నిలవ ఉంచుకోవాలి. పెద్ద కాయ కోసిన రోజునే మొత్తాన్ని ఆవిరి మీద ఉడికించి, మెదిపి, ఇగర్చి, పూర్తిగా చల్లార్చి, 250 గ్రాముల చొప్పున జిప్ సంచుల్లో పలుచగా పరచి, గాలి తీసి ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు నెలలు నిలుస్తుంది. పలుచగా పరచిన సంచి గోరువెచ్చని నీటిలో పావుగంటకు కరుగుతుంది. సొరకాయ తురుమును కూడా అలాగే పెట్టవచ్చు గాని, కరిగాక చాలా నీరు వదులుతుంది కాబట్టి ఖీర్‌కు తప్ప అట్లకు పనికిరాదు. కీరను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టనే కూడదు. సంచి మీద కాయ పేరు, బరువు, తేదీ రాసి అంటించాలి. కరిగిన గుజ్జును మళ్లీ గడ్డ కట్టించకూడదు. మిగిలిన పొంగనాలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి, వాటిని తినేముందు పెనం మీద మూత పెట్టి సన్నసెగన వేడి చేసుకోవాలి.